ఇంటి ముందుగదిలో స్టూడియో పెట్టి బొమ్మలు నేర్పితే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటాను. ఇంట్లో ముందుగది ఖాళీగా ఉంది. అక్కడ బొమ్మలు వేసుకుంటూ, సాయంత్రాలు పిల్లలకు నేర్పుతూ, నెలకో ఆదివారం ఎవరైనా వచ్చి చూసేలా తలుపులు తీసి పెడదామని ఉంది. బొమ్మలు అమ్ముడవుతాయా? ఇల్లు గడుస్తుందా?

జవాబు: బరంపురంలో నేను చేస్తున్నది ఇదేనండి. 2013 వేసవిలో మొదలుపెట్టాను. ఇల్లు గడుస్తుంది, కాకపోతే ఫీజుల మీద. బొమ్మల అమ్మకం మీద ఆశ పెట్టుకోకండి.

మొదటి ఆదివారం నేను చేసిన హడావుడి చెప్తాను. పద్నాలుగు బొమ్మలకు అప్పుచేసి ఫ్రేములు కట్టించాను. సున్నం వేయించి, లైట్లు పెట్టి, సమోసాలు తెప్పించాను. ముప్ఫై మంది దాకా వచ్చారు, సగం మంది చుట్టాలే. చేతులు వెనక్కి కట్టుకుని గుళ్ళో ప్రదక్షిణం చేసినట్టు ఒక చుట్టు తిరిగి, "బాగున్నాయమ్మా" అని, సమోసా తిని వెళ్ళిపోయారు. ఒక పిన్నిగారు మాత్రం ఆగి ఫ్రేము ఎక్కడ కట్టించావని అడిగారు. ఒక్కటీ అమ్ముడవలేదు.

మూడో నెలలో పెళ్ళివాళ్ళకి జౌతుక పెడి ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. అదేనండి, మన గంజాంలో పెళ్ళికూతురికి ఇచ్చే రంగుల పెట్టె. సర్దడానికి టైము లేక, ఆ ఆదివారం గది మధ్యలో నేల మీదే కూర్చుని అంచు లతలు వేస్తూ ఉండిపోయాను. ఆ రోజు వచ్చినవాళ్ళు కదల్లేదు. "గీత వణకదా?", "ఈ ఎరుపు ఎలా కలిపారు?", "తప్పుపోతే ఏం చేస్తారు?" అని ఒకటే ప్రశ్నలు. తప్పుపోయిన చోట ఆకు వేసేస్తానని చూపించాను. వెళ్ళేముందు ముగ్గురు తల్లులు పిల్లల్ని ఎప్పుడు పంపమంటారని అడిగారు. అప్పటినుంచి ఆ ఆదివారాల్లో పూర్తయిన బొమ్మలు రెండు మూడే గోడకు పెడతాను. సగంలో ఉన్నవే బయట ఉంచుతాను.

ఏం నేర్పాలో అడగలేదు గానీ, మీ ఊరు కాబట్టి చెప్తున్నాను. గంజపాతో మొదలుపెట్టండి. ఆ గుండ్రటి పేకముక్కలకు మీ పర్లాకిమిడి పేరున్న ఊరే. పాత నూలు చీర ముక్కలు రెండు పొరలు చింతగింజల జిగురుతో అతికించి, సుద్దపొడి పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దించండి. పిల్లలకు ఆ రుద్దే పనే ఎక్కువ ఇష్టం. జిగురు ఏ రోజుకారోజే ఉడికించుకోండి, మర్నాటికి వాసనకి ఇంట్లో ఉండలేరు. ఎనిమిది రంగుల కట్టకి 96 ముక్కలు, దశావతారాల కట్టకి 120. ఒక బ్యాచి ఏడాదంతా చేసినా మిగిలే పని. పైగా ఆదివారం వచ్చినవాళ్ళు వాటితో ఆడుకోవచ్చు.

ఇక చాలామంది తల్లిదండ్రులు యూట్యూబులో మహారాష్ట్ర గిరిజనుల బొమ్మలు చూసి "వార్లీ నేర్పండి" అంటారు. పక్క కొండల్లో సవరలు ఉండగా వార్లీ ఎందుకు చెప్పండి? చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి గానీ, వార్లీ మనిషి ఒళ్ళు కొనలు కలిసిన రెండు త్రిభుజాలు. సవర మనిషి సన్నగా సాగి ఉంటాడు, అంత కోణాలు తేలవు. ముందు చుట్టూ అంచు కట్టి, ఆ తర్వాత లోపల నింపుతారు. ఒక్క మాట, ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ ఇడితల్ వాళ్ళకి అలంకారం కాదు, పెద్దలకు, దేవతలకు చేసే పూజ. ఆ సంగతి చెప్పకుండా కాఫీ కప్పుల మీద వేయించడం నాకు నచ్చదు.

డబ్బు విషయానికొస్తే, ఫీజు నెల మొదట్లోనే తీసుకోండి. "మనవాళ్ళే కదా" అని నేను మొదటి ఏడాది వదిలేసిన ఫీజులు ఇప్పటికీ రాలేదు. ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు శనివారం క్లాసులు చెప్పించుకుని నాలుగు నెలలు తిప్పారు. ఆ టెన్షన్ కంటే ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు నయం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు డబ్బు కాదు. మూడో ఏడు వచ్చేసరికి నా సొంత బొమ్మ ఒక్కటీ లేదు. రోజూ పిల్లలకు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు వేసి చూపించి చూపించి, ఖాళీ కాగితం ముందు కూర్చుంటే నా చెయ్యీ అటే పోయేది. ఇప్పుడు పొద్దున పదకొండు దాకా తలుపు తీయను. మా అత్తగారు కూడా ఆ వేళలో వంటింట్లోంచే కేకేస్తారు.

రెండేళ్ళకోసారి మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, జరిగే రోజుల్లో క్లాసులు మానేస్తాను. పిల్లల్ని తీసుకెళ్ళి, పులివేషగాళ్ళ ఒంటికి పసుపు పూసి నల్లచారలు దిద్దేవాళ్ళ దగ్గర కూర్చోబెడతాను. కడుపు గుండ్రం మీద చార ఎలా వంగుతుందో నేను బోర్డు మీద చెప్పలేను.

మీ గది పైకప్పు చూసుకున్నారా? నేను మొదలుపెట్టిన ఏడాదే, అక్టోబర్ 12 రాత్రి, ఫైలిన్ తుఫాను వచ్చింది. ఫ్రేములు కట్టించిన ఆ పద్నాలుగింటిలో పదకొండు పోయాయి, ఫ్రేములతో సహా. ట్రంకు పెట్టెలో పడేసిన చిత్తు స్కెచ్చులు మాత్రం చెక్కుచెదరలేదు. 2018లో తిత్లీ మీ వైపు ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్రేముల డబ్బుతో ముందు రెండు పెద్ద ట్రంకులు కొని, కింద ఇటుకలు పెట్టండి.