స్నేహితుడి అమ్మానాన్నలకు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటున్నాం. నాకు గ్రీన్‌కార్డు ఉంది. భార్య, ఇద్దరు పిల్లలు. ఇక్కడే ఉన్న నా స్నేహితుడికి సిటిజన్‌షిప్ వచ్చింది. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు కోసం అప్లై చేశాడు. ఇద్దరికీ అరవై దాటాయి. ఈమధ్య ఉద్యోగం పోయి తక్కువ జీతానికి చేరాడు కాబట్టి నన్ను జాయింట్ స్పాన్సర్‌గా (తన ఆదాయం చాలనందుకు తనతో పాటు హామీ ఇచ్చేవాడిగా) ఉండమంటున్నాడు. ‘ఊరికే ఒక సంతకమేరా, పైసా ఖర్చుండదు’ అంటాడు. మా ఆవిడ వద్దంటోంది. రేపు ఇది నా మెడకు చుట్టుకుంటుందా? తర్వాత తప్పుకోవచ్చా?

జవాబు: మీ ఆవిడ టెన్షన్‌లో అర్థముంది. మీ స్నేహితుడు మోసం చేస్తున్నాడని కాదు. విజిటర్ వీసాకు ఇచ్చే స్పాన్సర్ లెటరూ ఇదీ ఒకటేనని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. విజిటర్ వీసాకు పెట్టే ఐ-134 ఫారం చూపించి కోర్టులో డబ్బు రాబట్టడం చాలా కష్టం. మీరు సంతకం పెట్టబోయేది ఐ-864. 1996లో వచ్చిన చట్టం దాన్ని కోర్టులో అమలు చేయించుకోదగ్గ ఒప్పందంగా చేసింది.

ఆ ఒప్పందంలో మీరిచ్చే మాట ఏమిటంటే, మీ స్నేహితుడి అమ్మానాన్నల ఆదాయం ప్రభుత్వం ప్రకటించే పేదరిక రేఖకు 125 శాతం కంటే తగ్గనివ్వనని. 2025 లెక్కలో ఇద్దరున్న కుటుంబానికి అది ఏడాదికి సుమారు 26,400 డాలర్లు. అంతకంటే తగ్గితే ఆ పెద్దవాళ్లే మీ మీద దావా వేయొచ్చు. మెడికెయిడ్, ఫుడ్ స్టాంపుల లాంటి, పేదలకు ప్రభుత్వమిచ్చే సాయం వాళ్లకు అందితే ఇచ్చిన ప్రభుత్వ సంస్థ మీ దగ్గర వసూలు చేయొచ్చు. ముందు మీ స్నేహితుణ్ణి అడిగి, ఆయన ఇవ్వకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. ఆయన చనిపోతే ఆయన బాధ్యత అక్కడితో ఆగుతుంది, మీది నడుస్తూనే ఉంటుంది. అయితే మామూలు ఆస్పత్రి బిల్లుకు ఈ సంతకం పట్టుకుని మీ వెంటపడలేరు.

ఎన్నేళ్లు అన్నదే అసలు చిక్కు. వచ్చినవాళ్లు సిటిజన్ అయితే బాధ్యత తీరుతుంది. లేదా సోషల్ సెక్యూరిటీలో (ఇక్కడి ప్రభుత్వ పెన్షన్ పథకంలో) వాళ్ల ఖాతాలో 40 క్వార్టర్ల (ఏడాదిలో నాలుగో వంతు లెక్కన) పని జమ కావాలి. ఒకరి పనికి ఏడాదికి నాలుగుకు మించి రావు కాబట్టి అది మామూలుగా పదేళ్ల మాట. లేదా గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్లాలి, లేదా చనిపోవాలి. భార్యనో భర్తనో తెచ్చుకున్నప్పుడు వాళ్లు వయసులో ఉంటారు, ఉద్యోగం చేస్తారు, సిటిజన్‌షిప్ పరీక్ష రాస్తారు. ఏదో ఒక దారిలో బాధ్యత ముగిసిపోతుంది. మీ స్నేహితుడి నాన్నగారు 62 ఏళ్లకు వచ్చి పదేళ్లు ఉద్యోగం చేస్తారా? సిటిజన్‌షిప్‌కు అయిదేళ్లకే అప్లై చేసుకోవచ్చు, కానీ ఇంగ్లిష్ పరీక్ష ఉంటుంది. 55 దాటినవాళ్లకు ఇంగ్లిష్ మినహాయించి తెలుగులో ఇంటర్వ్యూ ఇవ్వాలంటే గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్లు గడవాలి. అంటే ఆయనకు 77 వస్తాయి. డాక్టర్ సర్టిఫికెట్ మీద మినహాయింపు ఉంది కానీ అది నిజంగా జబ్బున్నవాళ్లకే.

‘వాళ్లకిక్కడ నచ్చదండీ, రెండేళ్లలో గుంటూరు వెళ్లిపోతారు’ అంటారేమో. కార్డు బీరువాలో పెట్టుకుని వెళ్లినంత మాత్రాన మీరు బయటపడరు. ఐ-407 ఫారం ఇచ్చి కార్డు అప్పగించేసి వెళ్తే మీకు గట్టి కాగితం ఉన్నట్టు. మీరే ఉద్యోగం వదిలేసి హైదరాబాద్ వచ్చి స్థిరపడినా ఒప్పందం రద్దు కాదు.

పెద్దవాళ్లు కొడుకు స్నేహితుడి మీద కోర్టుకెక్కడం అరుదు. నా ఎరుకలో ఇలాంటి దావాలు ఎక్కువగా విడాకుల తర్వాత వస్తాయి, ఎందుకంటే విడాకులు కూడా ఈ బాధ్యతను తీసేయవు. 2012లో షికాగోలోని ఫెడరల్ అప్పీల్ కోర్టు, వచ్చిన మనిషి ఉద్యోగం వెతుక్కోకపోయినా స్పాన్సర్ డబ్బు ఇవ్వాల్సిందేనంది.

మీకు తప్పక తగిలే ఇబ్బంది వేరే ఉంది. రేపు మీకు సిటిజన్‌షిప్ వచ్చి మీ అమ్మానాన్నల్ని తెచ్చుకునేటప్పుడు, అప్పటికీ ఈ బాధ్యత తీరకపోతే ఈ ఇద్దర్నీ మీ కుటుంబ లెక్కలో కలపాలి. మీరు నలుగురు, వీళ్లిద్దరు, మీ వాళ్లిద్దరు, మొత్తం ఎనిమిది మందికి సరిపోయే ఆదాయం చూపించాలి.

అందుకని మొహమాటం పక్కనపెట్టి ముందు మీ స్నేహితుణ్ణి రెండు ప్రశ్నలు అడగండి. ఆయన భార్య ఉద్యోగం చేస్తున్నారా? ఒకే ఇంట్లో ఉంటున్నారు కాబట్టి ఐ-864ఎ మీద ఆవిడ సంతకం పెడితే ఆవిడ జీతం కూడా కలుస్తుంది. గుంటూరులో అమ్మానాన్నల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్టో స్థలమో ఉందా? ఏడాదిలోపు నగదుగా మార్చి ఇక్కడికి తేగలిగిన ఆస్తి, తక్కువ పడిన ఆదాయానికి అయిదు రెట్లు ఉంటే చాలు. జీతం పది వేల డాలర్లు తక్కువైతే యాభై వేల డాలర్ల ఆస్తి. గుంటూరులో ఓ మోస్తరు స్థలం ఉన్నా ఆ లెక్కకు రావచ్చు. ఈ రెండూ కుదరకపోతేనే మీ అవసరం. అప్పుడు కూడా, మీరు కట్టాల్సి వస్తే తను తిరిగిస్తానని ఆయన చేత విడిగా అగ్రిమెంట్ రాయించుకోండి. అది ప్రభుత్వాన్ని ఆపదు కానీ ఆయన దగ్గర రాబట్టుకోవడానికి పనికొస్తుంది. అమ్మకూ నాన్నకూ పిటిషన్లు వేరువేరు కాబట్టి ఒకరికే మీరుండి, రెండోవారికి ఇంకొకర్ని చూసుకోమనొచ్చు కూడా.

ఒకవేళ ఇప్పటికే సంతకం పెట్టి ఇచ్చేసి ఉంటే, వాళ్లకు వీసా స్టాంప్ అయ్యేలోపు వెనక్కి తీసుకుంటున్నానని కేసు నంబర్‌తో సహా రాతపూర్వకంగా తెలపండి. వీసా వచ్చి ఇక్కడ దిగాక ఆ అవకాశం ఉండదు. అప్పుడిక ఇల్లు మారిన ప్రతిసారీ 30 రోజుల్లో ఐ-865 (అడ్రస్ మార్పు తెలిపే ఫారం) పంపడం మర్చిపోకండి, లేకపోతే దానికి విడిగా జరిమానా ఉంటుంది.