మాంచెస్టర్ బై ది సీ అంత బరువైన సినిమా కదా, క్రిటిక్స్‌కి ఎందుకంత నచ్చింది?

ఏడిపించడానికి పెద్దగా ట్రై చేయలేదు కాబట్టే నచ్చిందండి. (స్పాయిలర్ ఉంది.) 2016లో వచ్చిన ఈ సినిమాలో హీరో లీ తన అజాగ్రత్త వల్ల ఇల్లు తగలబడి పిల్లల్ని పోగొట్టుకుంటాడు, మామూలుగా అయితే క్లైమాక్స్‌కల్లా కోలుకోవాలి కదా, ఇక్కడ నా వల్ల కావట్లేదు అని చెప్పేస్తాడు, చాలామంది మెచ్చుకున్నది ఆ నిజాయితీనే. నాన్న పోయినా మామూలుగా తిరిగే లీ అన్న కొడుకు ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన చికెన్ కింద పడగానే కుప్పకూలిపోతాడు, నేల గడ్డకట్టి పాతిపెట్టడం కుదరక వాళ్ళ నాన్న బాడీని కూడా ఫ్రీజర్‌లోనే ఉంచారు మరి. లీగా చేసిన కేసీ అఫ్లెక్ నటనకి, కెన్నెత్ లోనెర్గన్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్లొచ్చాయి. తిట్టినోళ్ళూ ఉన్నారు, మంటల సీన్‌లో వెనక వినిపించే 'అల్బినోని అడాజియో' అనే క్లాసికల్ మ్యూజిక్ మరీ ఎక్కువైందని, నాకూ అక్కడ వాల్యూమ్ తగ్గించాలనిపించింది.