కాయిల్ స్టీమ్ జనరేటర్ ఏళ్ళ తరబడి మన్నాలంటే మంట కన్నా ముందు నీళ్ళ సంగతి చూడండి

మీరు అడిగింది ఇది: హాస్టళ్ళకు టిఫిన్లు, భోజనాలు పంపే వంటశాలకు గంటకు సుమారు 100 కిలోల స్టీమ్ కావాలి. ఇడ్లీ పెట్టెలకు కొంత, అన్నం, సాంబారు వండే డబుల్ జాకెట్ (రెండు గోడల మధ్య ఆవిరి తిరిగే) పాత్రలకు కొంత. ఇంధనం ఎల్‌పీజీ. డ్రమ్ము బాయిలర్ వద్దు, కాలిన పైపులోకి నీళ్ళు పంపగానే ఆవిరయ్యే ఫ్లాష్ రకం చేయించుకోవాలని ఉంది. స్టెయిన్‌లెస్ పైపు వేస్తే ఎక్కువ కాలం వస్తుందా, గ్యాస్ ఎలా మిగులుతుంది అని.

హైదరాబాద్‌లో జీడిమెట్ల వైపు ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ఇలాంటి కాయిల్స్, అంటే పైపు చుట్టలు, చుట్టాను. ఆ తర్వాత చాలా కాలంగా వాటి సర్వీసే నా పని. పాడైన కాయిల్స్ విప్పి, కోసి చూసిన అనుభవంతో చెబుతున్నాను. పైపు ఏ స్టీలు అన్నది మూడో ప్రశ్న. ఏ నీళ్ళు పంపుతున్నారు, అవి కాయిల్‌లో ఎక్కడ పూర్తిగా ఆరిపోతున్నాయి అన్నవి మొదటి రెండు.

ఒక హాస్టల్ మెస్‌లో కాయిల్ లీకైందని పిలిస్తే వెళ్ళాను. బోరు నీళ్ళు. సాఫ్ట్‌నర్ (నీళ్ళలోని సున్నాన్ని పట్టే పరికరం) ఉంది కానీ అందులో ఉప్పు అయిపోయి, దాన్ని బైపాస్‌లో పెట్టి నడుపుతున్నారు. మంటకు దగ్గరగా ఉన్న చుట్టును గ్రైండర్‌తో కోశాం. లోపల అడుగు భాగంలో బూడిదరంగు తెలుపులో గట్టి పొర, గోరుతో గీస్తే రాదు, ఉలి పెట్టి కొడితే పెంకులా లేచింది. పైపు రంధ్రం సగానికి సగం పూడుకుపోయింది. ఆ పొర ఉన్నచోటే బయటి వైపు స్టీలు ఉబ్బి, ఉబ్బు మధ్యలో సన్నగా చీలింది. అక్కడికి రెండు మీటర్ల దూరంలో, చిమ్నీ వైపున్న అదే పైపు మాత్రం కొత్తదానిలా ఉంది.

ఎందుకిలా అవుతుందో లెక్క వేసి చూడండి. నీళ్ళ హార్డ్‌నెస్ (కరిగి ఉన్న సున్నం) 300 పీపీఎం, అంటే లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకుందాం. గంటకు 100 లీటర్లు ఆవిరి చేస్తే 30 గ్రాముల సున్నం లోపలికి వెళ్ళినట్టు. రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు నడిపితే 6 కిలోలు. డ్రమ్ము బాయిలర్‌లో అయితే అడుగున చేరిన బురదను బ్లోడౌన్ చేసి బయటికి వదిలేస్తాం. ఇక్కడ నీళ్ళన్నీ ఆవిరైపోతే ఆ 6 కిలోలకు పైపు గోడ తప్ప వేరే చోటు లేదు. మంట దగ్గర ఒక మిల్లీమీటరు సున్నం పొర ఉంటే లోహం సుమారు 50 డిగ్రీలు అదనంగా వేడెక్కుతుంది. అందులో సిలికా కలిస్తే ఇంకా చాలా ఎక్కువ. కార్బన్ స్టీలును 425 డిగ్రీలు దాటించి ఎక్కువ కాలం నడపకూడదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొర పేరుకున్నాక ఆ హద్దు దాటడం పెద్ద విషయం కాదు.

కాబట్టి సాఫ్ట్‌నర్ తప్పనిసరి. హార్డ్‌నెస్ 5 పీపీఎం లోపు ఉండాలి, టెస్ట్ కిట్‌తో రోజూ పొద్దున్నే చూడాలి. అయితే సాఫ్ట్‌నర్ సున్నాన్ని మార్చి సోడియం ఇస్తుందే తప్ప ఉప్పును తీసేయదు. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు) అలాగే ఉంటుంది. అందుకే మీరు అనుకుంటున్న "నీళ్ళు పడగానే మొత్తం ఆవిరి" పద్ధతి మీ పనికి వద్దంటాను. ఆ పద్ధతికి పేరు తెచ్చిన ఫ్రాన్స్ ఇంజనీరు లియోన్ సెర్పోలే తన ఆవిరి కారుతో 1902లో నీస్ పట్టణంలో గంటకు 120 కిలోమీటర్లు దాటించి రికార్డు కొట్టాడు. కారు ఇంజనుకు బాగా వేడెక్కిన పొడి ఆవిరి కావాలి. ఇడ్లీకి అది అక్కర్లేదు, మామూలు తడి ఆవిరే చక్కగా ఉడికిస్తుంది.

మీరు చేయాల్సింది ఇదీ. గంటకు 100 కిలోల ఆవిరి కావాలంటే పంపు 115 కిలోల నీళ్ళు తోయాలి. ఆ మిగతా 15 కిలోలు ఆవిరితో పాటు నీళ్ళుగానే బయటికి రావాలి. కాయిల్ చివర ఆవిరిని, నీళ్ళను విడదీసే సెపరేటర్ ఒకటి పెట్టండి. అర మీటరు పొడవున్న 100 ఎన్‌బీ పైపు చాలు (ఎన్‌బీ అంటే నామినల్ బోర్, మిల్లీమీటర్లలో చెప్పే పైపు సైజు), అంచు వెంట తిరుగుతూ లోపలికి వెళ్ళేలా ఎంట్రీ ఇవ్వాలి. ఆవిరి పైనుంచి, ఉప్పు నీళ్ళు అడుగు నుంచి ట్రాప్ (ఆవిరిని ఆపి నీళ్ళను మాత్రమే వదిలే వాల్వు) ద్వారా వెళ్ళిపోతాయి. టీడీఎస్ 400 ఉన్న నీళ్ళు ఇలా సుమారు 3000 పీపీఎం అయి బయట పడతాయి, కాయిల్‌లో ఏదీ ఎండిపోదు. ఆ వేడి నీళ్ళను నేరుగా పారేయకండి. కాయిల్‌కు నీళ్ళిచ్చే ఫీడ్ ట్యాంకులో చిన్న రాగి చుట్ట గుండా పంపి, వేడి తీసుకుని, ఆ తర్వాత డ్రైనేజీకి వదలండి. ట్యాంకులోకే కలిపేస్తే ఉప్పు తిరిగి కాయిల్‌కే వెళ్తుంది.

ఇప్పుడు కాయిల్. ఒకే సైజు పైపు మొత్తం వేయొద్దు. నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ వందల రెట్లు వ్యాపిస్తాయి కాబట్టి సైజు పెరుగుతూ పోవాలి. మీ కెపాసిటీకి నేను వేసేది ఇలా ఉంటుంది: చిమ్నీ వైపు 15 ఎన్‌బీ 20 మీటర్లు, తర్వాత 20 ఎన్‌బీ 30 మీటర్లు, చివర 25 ఎన్‌బీ 12 మీటర్లు. అంతా షెడ్యూల్ 80 (మందం గోడ), సీమ్‌లెస్ (అతుకు లేని) కార్బన్ స్టీలు, ఏ106 గ్రేడ్ బీ రకం. లోపలి నీటి పరిమాణం సుమారు 17 లీటర్లు, సెపరేటర్ కలిపితే 21. ఒత్తిడికి మాత్రమే అయితే ఒక మిల్లీమీటరు గోడ కూడా ఎక్కువే. మందం తీసుకునేది తుప్పుకు, వంపు దగ్గర పల్చబడడానికి.

స్టెయిన్‌లెస్ గురించి. 304 రకం స్టెయిన్‌లెస్ పైపు మెరుస్తుంది, ధర ఎక్కువ, కాబట్టి మన్నుతుందనిపిస్తుంది. కానీ మరిగే నీళ్ళలో క్లోరైడ్ ఉంటే అదే 304 వెంట్రుక పగుళ్ళు తీసి ఊడుతుంది. మన బోరు నీళ్ళలో క్లోరైడ్‌కు కొదవ లేదు. పైగా కార్బన్ స్టీలుతో పోలిస్తే వేడిని మూడో వంతే లాగుతుంది. కార్బన్ స్టీలుకు తుప్పు పడుతుంది నిజమే, కానీ అది కనిపిస్తూ, నెమ్మదిగా వచ్చే జబ్బు. రాగి కాయిల్ కూడా అడుగుతుంటారు. వేడికి మెత్తబడుతుంది, వద్దు.

చుట్టే క్రమం చాలా ముఖ్యం. ఎక్కువమంది షాపువాళ్ళు చల్లని నీళ్ళు పైన ఎక్కించి, ఆవిరి చివర మంట పక్కన దించుతారు. చూడ్డానికి ఎదురెదురు ప్రవాహం, పుస్తకంలో ఎఫిషియెన్సీ బాగుంటుంది. అయితే నీళ్ళు దాదాపు అయిపోయే చోటు, అంటే పైపును చల్లబరిచే శక్తి తగ్గే చోటు, సరిగ్గా మంట ముఖాన పడుతుంది. నేను మూడు భాగాలుగా చేస్తాను. నీళ్ళు ముందు చిమ్నీ దగ్గర వేడెక్కాలి. అక్కడి నుంచి నేరుగా మంట చుట్టూ ఉండే లోపలి చుట్టలోకి రావాలి. అక్కడ అవి బుడబుడ మరుగుతూ ఉంటాయి కాబట్టి ఎంత మంట తగిలినా లోహం వేడి నీటి వేడికి కాస్త పైనే నిలుస్తుంది. ఆఖరి 25 ఎన్‌బీ భాగం మధ్యలో, మంట నేరుగా కనిపించని చోట ఉండాలి. కనెక్షన్ పైపులు రెండు ఎక్కువవుతాయి, వెల్డింగ్ కూడా ఎక్కువే, ఆ జాయింట్లు మంట ముందు రాకుండా బయటికి తీయాలి. చుట్టను ఒక్క చివరే బిగించి, రెండో చివర వదులుగా స్లాట్‌లో కూర్చోబెట్టండి. అన్ని చుట్లకూ క్లిప్పులు వెల్డ్ చేసేస్తే వేడికి సాగే దారి లేక వెల్డ్ దగ్గరే పగులుతుంది.

గది లోపలి లైనింగ్‌కు ఇటుక వద్దు, సెరామిక్ ఫైబర్ వేయండి. ఇటుక వేడిని దాచుకుంటుంది. బర్నర్ ఆగాక కూడా ఆ వేడి కదలని నీళ్ళున్న కాయిల్‌కు తగులుతూనే ఉంటుంది. ఫైబర్ వేసినా సరే, మామూలుగా ఆపేటప్పుడు బర్నర్ ఆగిన తర్వాత రెండు నిమిషాలు పంపు నడవాలి.

పంపు విషయంలో రాజీ పడకండి. సెంట్రిఫ్యూగల్ పంపు వద్దు, ఒత్తిడి పెరిగితే నీళ్ళు తగ్గిపోతాయి. ట్రిప్లెక్స్ ప్లంజర్ పంపు (మూడు ప్లంజర్లు ముందుకూ వెనక్కూ కదిలి నీళ్ళు తోసేది) తీసుకోండి. మార్కెట్లో దొరికే కార్ వాషింగ్ పంపులు మీకు కావల్సినదానికి చాలా పెద్దవి. వాటిని బైపాస్ వాల్వు తిప్పి సర్దుతుంటారు. ఆ వాల్వు ఎవరి చేయో తగిలి కాస్త ఎక్కువ తెరుచుకుంటే కాయిల్‌కు నీళ్ళు తక్కువ, మంట అంతే. పుల్లీ మార్చి స్పీడు తగ్గించుకోవడమే మంచిది. ఫీడ్ ట్యాంకు పంపు కన్నా ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తున ఉండాలి. లేకపోతే వేడి నీళ్ళకు సక్షన్‌లోనే ఆవిరి పుట్టి పంపు టకటకమంటుంది, ప్యాకింగ్ పోతుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో ఎన్ని లైట్లు ఉన్నాయన్నది నాకు పట్టదు, రెండు తాళాలు మాత్రం ఉండాలి. ఒకటి, ఫ్లో స్విచ్ నీళ్ళు కదులుతున్నాయని చెబితే తప్ప బర్నర్ వెలగకూడదు. రెండు, కాయిల్ చివర వేడి కొలిచే థర్మోకపుల్. 4 కిలోల ప్రెషర్‌లో (చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు) నడిపితే, నీళ్ళు ఉన్నంతసేపూ అక్కడ వేడి సుమారు 152 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. 165 చూపించిందంటే లోపల నీళ్ళు ఆరిపోయాయని అర్థం, బర్నర్ వెంటనే ఆగిపోవాలి. అలా ఆగినప్పుడు మాత్రం పంపు కూడా ఆగాలి. ఎండి ఎర్రబడిన కాయిల్‌లోకి నీళ్ళు వదలకండి, చల్లారనివ్వండి. సేఫ్టీ వాల్వు సెపరేటర్ మీద, మధ్యలో ఏ వాల్వూ లేకుండా. డిజైన్ ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు హైడ్రో టెస్టు, అదీ నీళ్ళతోనే, గాలితో ఎప్పుడూ కాదు.

గ్యాస్ ఆదా. 30 డిగ్రీల నీళ్ళను 4 కిలోల ప్రెషర్ స్టీమ్‌గా చేయడానికి కిలోకు సుమారు 2620 కిలోజౌల్స్ కావాలి. గంటకు 100 కిలోలంటే 73 కిలోవాట్లు. 85 శాతం ఎఫిషియెన్సీతో గంటకు 6.7 కిలోల ఎల్‌పీజీ. అంటే 19 కిలోల సిలిండర్ మూడు గంటలు కూడా రాదు. అంత వేగంగా ఒక్క సిలిండర్ గ్యాస్ ఇవ్వలేదు, పైన మంచు పట్టి ప్రెషర్ పడిపోతుంది. చాలా సిలిండర్లను కలిపే మ్యానిఫోల్డ్ లెక్కలో పెట్టుకోండి.

ఇందులో తేలిగ్గా మిగిలేది ఫీడ్ నీళ్ళ దగ్గరే. ఫీడ్ నీళ్ళ వేడి ప్రతి 6 డిగ్రీలు పెరిగితే ఒక శాతం ఇంధనం మిగులుతుందని మా పనిలో వాడే లెక్క. జాకెట్ పాత్రల ట్రాపుల నుంచి వచ్చే కండెన్సేట్ అంటే ఆవిరి చల్లబడి మారిన శుభ్రమైన వేడి నీళ్ళు, దాన్ని మోరీలో వదిలేసే వంటశాలలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అది మొత్తం ట్యాంకుకు తెచ్చుకోండి. ఫీడ్ 80 డిగ్రీల దగ్గర ఉంటే ఇంకో రెండు మేళ్ళు కూడా. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ చాలావరకు పోతుంది, లోపల గుంతలు పడే తుప్పు తగ్గుతుంది. ఎల్‌పీజీ పొగలోని నీటి ఆవిరి సుమారు 55 డిగ్రీల దగ్గర చెమటలా పడుతుంది, చల్లటి ఫీడ్ పంపితే చిమ్నీ వైపు చుట్ట బయటి నుంచి తుప్పు పడుతుంది, వేడి ఫీడ్‌తో ఆ గొడవ ఉండదు. పొద్దున స్టార్టింగ్‌లో ట్యాంకు చల్లగా ఉంటే కాస్త స్టీమ్ ట్యాంకులోకే వదిలి వేడి చేయండి. ఆ వేడి ఎక్కడికీ పోదు, తిరిగి కాయిల్‌కే వస్తుంది.

చిమ్నీ వేడి 180 నుంచి 200 మధ్య, పొగలో ఆక్సిజన్ 3 నుంచి 4 శాతం ఉండేలా అనలైజర్‌తో బర్నర్ సెట్ చేయించండి. కంటితో నీలం మంట చూసి సెట్ చేసేవాళ్ళను నమ్మకండి. చిమ్నీ వేడి 20 డిగ్రీలు తగ్గితే సుమారు ఒక శాతం లాభం.

ఈ రకంలో నిల్వ ఉండదు, అది గుర్తుంచుకోవాలి. ఇడ్లీ పెట్టెల వాల్వులన్నీ ఒకేసారి తెరిస్తే ప్రెషర్ దబ్బున పడుతుంది. ఒక్కొక్కటిగా తెరవమని వంటవాళ్ళకు చెప్పండి, వీలైతే రెండు స్టేజీల బర్నర్ పెట్టండి. ఇడ్లీకి ఆవిరి నేరుగా తగులుతుంది కాబట్టి కెమికల్ అమ్మేవాళ్ళు తుప్పు ఆపడానికి హైడ్రజీన్, ఎమైన్లు ఇస్తామంటే వద్దనండి.

చట్టం సంగతి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్ల లోపు ఉన్నదాన్ని అది బాయిలర్‌గా లెక్కించదు. ఆ 25 లీటర్లను ఫీడ్ చెక్ వాల్వు నుంచి మెయిన్ స్టీమ్ స్టాప్ వాల్వు వరకు కొలుస్తారు, అంటే సెపరేటర్ కూడా లెక్కలోకే వస్తుంది. మీది 21 కాబట్టి ఇబ్బంది లేదు. అయినా జాయింట్లు టిగ్ రూట్‌తో (అడుగు పొర టిగ్ వెల్డింగ్‌తో), బాయిలర్ పని తెలిసిన వెల్డరుతోనే చేయించండి. చట్టం వదిలేసిందని ఆవిరి వదిలేయదు.

నడిచేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. పంపు దగ్గర ఒక గేజి, సెపరేటర్ మీద ఒక గేజి. కొత్తలో ఫుల్ లోడు మీద రెండింటి తేడా ఎంతో ప్యానెల్ తలుపు లోపల పెయింటుతో రాసిపెట్టండి. అదే లోడులో తేడా పెరుగుతుంటే లోపల పొర పడుతున్నట్టు. చిమ్నీ వేడి కూడా పెరుగుతుంటే ఇక ఆగొద్దు, సల్ఫామిక్ యాసిడ్‌తో కడిగించి సోడా యాష్‌తో న్యూట్రలైజ్ చేయించండి. సెలవులకు ఆపితే సగం నీళ్ళతో వదలకండి. అయితే పూర్తిగా నింపండి, లేదా వేడిగా ఉన్నప్పుడే ఊది ఎండబెట్టండి. సగం తడి, సగం గాలి ఉన్న పైపు నడిచినప్పటి కన్నా ఆగినప్పుడే ఎక్కువ తింటుంది.

మీ బోరు నీళ్ళ రిపోర్టు ఉంటే హార్డ్‌నెస్, క్లోరైడ్, సిలికా, టీడీఎస్ ఈ నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి. పాత్రలు ఎన్ని, ఏ సైజు, ఇడ్లీ ఒక్క వాయికి ఎన్ని ప్లేట్లు అన్నది కూడా. సాఫ్ట్‌నర్ ఎంతది కావాలో, 100 కిలోలు నిజంగా సరిపోతాయో లేదో అప్పుడు చెప్పగలను.