ముల్లు దిగినా తెలియని కాలు

అల్లుడికి,

మొన్న పండక్కి వచ్చినప్పుడు, షుగర్, బీపీ చూపించుకోమంటే నువ్వన్న మాట నాకింకా చెవిలోనే ఉంది. "పరీక్ష చేయిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది మామా, ఊరికే టెన్షన్" అన్నావు. నీ వయసులో నేనూ అచ్చం ఇదే మాట అనేవాణ్ణి. అప్పుడు అనంతపురంలో మన శనక్కాయల మండీ మంచి జోరు మీద ఉండేది. పొద్దున ఏడుకు కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేచేది. గంటకో టీ, అందులో చక్కెర దండిగా.

యాభై దాటాక ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచాను. మీ అత్త గచ్చు చూసి కేక పెట్టింది. నేను నడిచినంత మేరా నెత్తుటి మరకలు. చెప్పు తిప్పి చూస్తే తుమ్మముల్లు, అడుగును చీల్చుకుని నిలువునా పైకి వచ్చి ఉంది. లారీ దింపించేటప్పుడు గుచ్చుకుని ఉంటుంది, పొద్దంతా దాని మీదే నడిచాను. ఇంత నొప్పి కూడా లేదు. డాక్టరు కాలు చూసి, "షుగర్ ఎన్నేళ్ల నుంచి?" అన్నాడు. నాకు షుగరే లేదన్నాను. మర్నాడు పరగడుపున చూస్తే 212. కాలి నరాలు మొద్దుబారేదాకా అది లోపల ఎన్నాళ్లు కాపురం చేసిందో! ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

షుగరైనా బీపీ అయినా మొదట్లో నొప్పి పుట్టించదు. అందుకే ఒళ్లు బాగుందన్న నీ మాటను నేను లెక్కలోకి తీసుకోను. పైగా మీ నాన్నకు షుగర్ ఉంది, నువ్వు రోజంతా కుర్చీలోనే. ముందు టేపు పెట్టి బొడ్డు దగ్గర కొలుచుకో. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడమంటారు. ప్యాంటు సైజు నమ్మొద్దు, దాన్ని బొజ్జ కిందకే కదా కడతాం.

పరగడుపు షుగర్ 100 లోపు ఉంటే సరే. 126, ఆపైన రెండుసార్లు వస్తే షుగర్ వచ్చినట్టే. మధ్యలో దొరికితే నీ అదృష్టం, బరువు తగ్గి రోజూ నడిస్తే చాలామందికి మళ్లీ మామూలుకు వస్తుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయించు. అది 5.7 లోపు ఉండాలి.

బీపీ చూపించుకునేటప్పుడు మెట్లెక్కిన ఆయాసంతో చెయ్యి చాపొద్దు. టీ తాగి అరగంట గడవనీ. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. అలా చూసినా 140/90 దగ్గరే తిరుగుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. నేనొక తప్పు చేశాను. బీపీ తగ్గిందని మాత్ర నేనే మానేశాను. మాత్ర వేసుకుంటున్నందుకే తగ్గిందని తట్టలేదు, నెల తిరక్కుండా మళ్లీ ఎక్కింది.

తిండి సంగతి నీకు తెలియనిది కాదు. రాగిసంగటి మంచిదని ముద్ద మీద ముద్ద లాగించకు, అదీ పిండి పదార్థమే. ఒక ముద్ద చాలు, పప్పూ ఆకుకూరా ఎక్కువ వేసుకో. ఊరగాయతో సహా రోజంతా కలిపి ఉప్పు ఒక టీ స్పూను దాటకూడదు. ఉగ్గాని బజ్జీ మానమని చెప్పలేను, నేనే మానలేదు. ఆదివారానికి పెట్టుకున్నాను.

ఊళ్లో మా అక్క ఇంకా బోరు నీళ్లే తాగుతోంది. కాచి తాగుతున్నా కదా అంటుంది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. ఆ నీళ్లు ఒకసారి పరీక్ష చేయించు. అలాగే 30 దాటినవాళ్లకు సర్కారు ఆసుపత్రిలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు కూడా ఉన్నాయి. అక్క సిగ్గుపడుతుంది, నీ భార్యను తోడు పంపు.

దీంతోపాటు పాత మండీ చిట్టా పుస్తకం ఒకటి పంపుతున్నాను. మొదటి పేజీలో నా అంకెలున్నాయి, ఆ 212 తో సహా. రెండో పేజీ మీద నీ పేరు రాశాను. ఆదివారం పరగడుపునే వెళ్లు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగొద్దు.

మీ మామ