పూతరేకుల వెబ్‌సైట్ కోసం మూడ్రూపాయల వడ్డీ అప్పా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం పక్క ఊరండి. నేనూ మావారూ ఇంట్లోనే పూతరేకులు చేయించి అమ్ముతాం, నలుగురు ఆడవాళ్ళు పనికి వస్తారు. 2017లో మా మరిది వెబ్‌సైట్ చేయించాడు గానీ అది ఫోన్‌లో సరిగ్గా కనపడదు. రాజమండ్రిలో ఒకాయన మొబైల్‌కి సరిపోయే కొత్త వెబ్‌సైట్, దాంతోపాటు యాప్ చేసిస్తాను, రెండూ కలిపి 2.40 లక్షలు అంటున్నారు. చేయించకపోతే గూగుల్ మీ పేరు తీసేస్తుందట. మా దగ్గర 80 వేల ఎఫ్‌డీ ఉంది, మిగతా 1.60 లక్షలు తెలిసినవాళ్ళు మూడ్రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు, ఏడాదిలో తీర్చేద్దామని మా ఆలోచన. పెట్టెకి 40 రూపాయలు మిగులుతుంది. వ్యాపారం ఖర్చులు పోను సీజన్లో నెలకి 40 వేలు వస్తుంది, ఆషాఢంలో 15 వేలు కూడా రావు. ఇంటి ఖర్చు ఫీజులతో కలిపి 28 వేలు. వ్యాపారం ఉన్నా లేకపోయినా నెయ్యి కొట్టుకీ పనివాళ్ళకీ నెలకి 20 వేలు ఇవ్వాలి. హెల్త్ పాలసీ లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తీసుకోవద్దమ్మా. వెబ్‌సైట్ వద్దనట్లేదు, అప్పు వద్దంటున్నాను. ఇలాంటి ఉత్తరాలు కడియం నర్సరీల వాళ్ళ నుంచి, నర్సాపురం లేసు పనివాళ్ళ నుంచి కూడా వస్తుంటాయి, అందరూ రాసేది ఒకటే, "ఇది ఖర్చు కాదండీ పెట్టుబడి" అని. పెట్టుబడి అనేసరికి ఉన్న ఒక్క ఎఫ్‌డీ విరగ్గొట్టడానికి చెయ్యి వచ్చేస్తుంది, అందుకే అందరికీ కలిపి ఇక్కడ చెప్తున్నా.

మీరు రాసిన లెక్కే మీ ముందు పెడతాను. సీజన్లో 40 వేలొచ్చి ఇంటికి 28 వేలు పోతే చేతిలో ఉండేది 12 వేలు. 1.60 లక్షలకి మూడ్రూపాయల వడ్డీ అంటే నెలకి 4,800, అసలు అలాగే ఉంటుంది. ఆ వడ్డీ కట్టడానికే నెలకి 120 పెట్టెలు ఎక్కువ అమ్మాలి, వెబ్‌సైట్ పెట్టిన మొదటి నెల నుంచే, ఆర్డర్లు మొదలైనా కాకపోయినా. వడ్డీ పోను మిగిలే 7,200 కూడబెట్టి అసలు ఒకేసారి తీర్చాలంటే 22 సీజన్ నెలల పైనే కావాలి, మీరేమో ఏడాది అంటున్నారు, ఏడాదిలో ఆషాఢం రాదా? ఆషాఢంలో మామూలుగానే ఇంటికి 13 వేలు తక్కువ పడుతుంది, దానికి ఈ 4,800 కలిస్తే 17,800, అప్పుడు తీద్దామంటే ఎఫ్‌డీ ఉండదు. ఆ నెల ఇంకో చోట అప్పు చేస్తారు, లేదంటే ఫోన్లో రెండు నిమిషాల్లో ఇచ్చే లోన్ యాప్ నొక్కుతారు. దాని జోలికి మాత్రం పోకండి, ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు.

ఇంకోటి, మన డెల్టాలో ఆషాఢం ఒక్కటే రాదు, గోదారి వరద కూడా దాదాపు అప్పుడే వస్తుంది. 2022 జులైలో లంక ఊళ్ళెన్నో మునిగి రోజుల తరబడి రాకపోకలు ఆగిపోయాయి, 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి వారం వెబ్‌సైట్ ఎంత బాగున్నా పార్సిల్ ఊరు దాటదు, నెయ్యి కొట్టువాడు మాత్రం అడుగుతాడు. అందుకని మీకు ముందు కావాల్సింది ఆపద నిధి. ఇంటి ఖర్చు ఆరు నెలలకి 1.68 లక్షలు, వ్యాపారానికి రెండు నెలలకి 40 వేలు, మొత్తం 2.08 లక్షలు. చూశారా, ఆ రాజమండ్రాయన చెప్పిన రేటు కన్నా తక్కువే! మీ దగ్గర 80 వేలు ఆల్రెడీ ఉంది. ఇంకో 1.28 లక్షలు సీజన్లో మిగిలే దాంట్లోంచి వేసుకుంటూ పోతే, ఆషాఢంలో కొంత తీసినా ఏడాదిన్నర అటూ ఇటూగా నిండుతుంది. ఆ ఎఫ్‌డీ ఉందన్న సంగతి వెబ్‌సైట్ ఆయనకి చెప్పి ఉంటే ఇంకెవరికీ చెప్పకండి.

ఇప్పుడు వెబ్‌సైట్ సంగతి. ఫోన్‌లో బాగా కనపడాలన్నది నిజమే, మీ కస్టమర్లలో కంప్యూటర్ ముందు కూర్చుని పూతరేకులు కొనేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. గూగుల్ కూడా 2015 నుంచే ఫోన్‌లో వెతికేవాళ్ళకి ఫోన్‌కి సరిపోయే సైట్లు ముందు చూపిస్తోంది. కానీ "పేరు తీసేస్తుంది" అన్నది బెదిరింపు. 2024 జులై నుంచి తీసేస్తున్నది ఫోన్‌లో అసలు తెరుచుకోని సైట్లని, అక్షరాలు చిన్నగా కనపడేవాటిని కాదు. మీది తెరుచుకుంటోంది కదా. మీవారి ఫోన్‌లో వైఫై ఆపి, మామూలు నెట్ మీద తెరిచి చూడండి, అక్షరాలు జూమ్ చెయ్యకుండా చదవగలుగుతున్నారా, ఫోటోలు వెంటనే వస్తున్నాయా, నంబరు మీద నొక్కితే కాల్ వెళ్తోందా. ఈ మూడూ సరిచేయిస్తే మీలాంటి వ్యాపారానికి చాలు, ఒక పేజీ, రేట్లు, నాలుగు ఫోటోలు, వాట్సాప్ బటన్. ఫోటోల సైజు తగ్గించి డిజైన్ మారిస్తే అయ్యే పనికి పది పదిహేను వేలు దాటి ఒప్పుకోకండి, అదీ ఒక సీజన్ నెల మిగులులోంచే. యాప్ ఎందుకండీ, ఏడాదికి రెండుసార్లు పూతరేకులు కొనేవాళ్ళు దానికోసం యాప్ వేసుకుంటారా? దానికి తోడు ఏటేటా మెయింటెనెన్స్ అంటారు, అది కొటేషన్లో ఉందో లేదో చూడండి.

దానికంటే ముందు ఉచితంగా వచ్చేవి వాడుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు పేరు, టైమింగ్స్, ఫోటోలు పెట్టండి, 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ, అంటే ఆ ఊరి సరుకన్న గుర్తింపు, వచ్చింది, రావులపాలెం హైవే మీద పోయే కార్లవాళ్ళు ఆ పేరుతోనే వెతికి బండి తిప్పుతారు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకోండి, యూపీఐ ఎలాగూ ఉంది.

హైదరాబాద్ ఆర్డర్లు మీరు ఇప్పటికే పంపుతుంటే ఆడిటర్ని కలవండి, అది ఇప్పుడు వేరే రాష్ట్రం, బయట రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. వెబ్‌సైట్ అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

హెల్త్ పాలసీ ఈ నెలే తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. నిధి నిండాక వ్యాపారం పెంచడానికి ఎప్పుడైనా అప్పు కావాలంటే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ అడగండి, మూడ్రూపాయల వాళ్ళని కాదు.

ఇక పాత సైట్ డొమైన్, అంటే ఆ సైట్ అడ్రస్, ఎవరి పేరు మీద ఉందో మీ మరిదిని అడగండి. చాలాసార్లు చేసినవాడే తన పేరున కొనేసి ఉంటాడు, అలా ఉంటే కొత్తాయన్ని పిలిచేలోపు మీ పేరుకి మార్పించుకోండి, పాస్‌వర్డ్ కూడా రాయించుకుని ఇంట్లో పెట్టుకోండి.