గుంటగలగరాకు నూనె బూజు పడుతోందంటే

పెరట్లోని గుంటగలగరాకు నూరి కొబ్బరినూనెలో కాస్తే, వారం తిరక్కుండానే సీసా అడుగున బూజు వస్తోందన్నారు. నూనె తప్పు కాదండీ, ఆకులో మిగిలిపోయిన తడి. కడిగిన ఆకు నీడలో బట్టమీద పరచి బాగా ఆరనిచ్చి, అప్పుడు నూరండి. సన్నసెగే పెట్టాలి. చిటపటలు తగ్గి నురగ పైకొచ్చేవేళ పొయ్యి దగ్గరే ఉండండి, అక్కణ్ణుంచి మాడటానికి ఎంతోసేపు పట్టదు.

అడుగు ముద్ద కాస్త తీసి, చల్లారాక వేళ్లమధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తి మంటలో పెట్టినప్పుడు చిటపటమందంటే ఇంకా నీరుంది, మళ్లీ కాచండి. గోరువెచ్చగా ఉండగానే పలచని బట్టలో వడకట్టి, ఎండలో ఆరిన గాజుసీసాలో పోయండి. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, లేదంటే ఆవిరి చెమ్మ మళ్లీ నూనెలోకే దిగుతుంది. బూజు పట్టిన సీసా మాత్రం దయచేసి తలకు వాడకండి, పారబోసేయండి.