రిపోర్టులు బాగున్నా ‘బాగోలేదు’ అంటుంటే...

ప్రశ్న: మావారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. రిపోర్టులు ఫర్వాలేదంటున్నారు డాక్టరు. ఈయన మాత్రం ఎవరు పలకరించినా ‘ఏం బాగు, ఓపికే లేదు’ అంటారు. విసుగొచ్చి నాలుగు గంటలు నిండకుండానే మిషన్ ఆపించుకుంటున్నారు. పక్క మంచం ఆయన అవే రిపోర్టులతో హుషారుగా ఉంటాడు. ఇది మనసు జబ్బా, ఒంటి జబ్బా?

జవాబు: రెండూ పెనవేసుకుని ఉంటాయి. రిపోర్టు చూపించి ఆయన మాట కొట్టిపారేయకండి. పక్క మంచంతో పోలికా వద్దు. రోజుకు ఎంత నీరు తాగాలన్న లెక్క గాలికొదిలేసి హుషారుగా తిరిగేవాళ్లూ ఉంటారు.

‘ఎలా ఉంది’ అంటే ఎప్పుడూ ఒకటే జవాబొస్తుంది. ‘మొన్న డయాలసిస్ అయ్యాక తేరుకోవడానికి ఎన్ని గంటలు పట్టింది?’ అని అడిగి రాసిపెట్టండి. దాని పక్కనే రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగిన బరువు (అది ఒంట్లో చేరిన నీరే), మిషన్ మీద ఉన్న సమయం కూడా రాయండి. 60 కిలోల మనిషికి 2.4 లీటర్ల నీరు 4 గంటల్లో తీస్తే కిలోకు గంటకు 10 మి.లీ. పడుతుంది. మూడు గంటలకే ముగించమంటే అది 13 దాటిపోతుంది. అంత వేగంగా లాగితే ఒంట్లోని నీరు నెత్తురులోకి చేరే వ్యవధి ఉండదు. బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, ఇంటికొచ్చాక లేవలేరు. వేగం పెంచకుండా మధ్యలో లేచి వచ్చేస్తే 600 మి.లీ. బాకీ ఒంట్లోనే మిగిలి తర్వాతి విడతకు చేరుతుంది. అలసట తప్పించుకోబోయి అలసటే కొనితెచ్చుకుంటున్నారన్నమాట. ఈ లెక్క మీరు చెబితే సాధింపులా ఉంటుంది, టెక్నీషియన్ చేత చెప్పించండి.

ఒత్తిడిని తట్టుకునే తీరును మనస్తత్వ శాస్త్రవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో రెండుగా చెప్పారు: సమస్యను సరిచేసుకోవడం, దాని బాధను చల్లార్చుకోవడం. మొదటిదే గొప్పదని ఉపదేశించేవాళ్లు చాలామంది. పాడైన కిడ్నీల విషయంలో ఆ ఉపదేశం పనికిరాదు. అక్కడ ఏడవడం, ప్రార్థన, తోటి రోగితో కబుర్లు, అన్నీ మందే. ఉప్పు, బరువు, సమయం, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చేందుకు చేతి రక్తనాళాలను కలిపి చేసిన చోటు) మాత్రం ఆయన చేతిలో ఉన్నవి. నీళ్లకన్నా ముందు ఉప్పు తగ్గించాలి, లేకపోతే దాహం ఆగదు. రోజూ పొద్దున్నే ఫిస్టులా మీద వేళ్లు ఆనించి ‘జుయ్’మనే అదురు చూసుకోమనండి. అది తెలియకపోతే ఆ పూటే ఫోన్ చేయాలి. నిమిషం పనే అయినా, అది ఆయన సొంత పని.

నిద్ర, ఆకలి తగ్గడం కిడ్నీ జబ్బువల్లా కావచ్చు. ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే డిప్రెషనేమో డాక్టరును చూడమనండి. ‘ఇక డయాలసిస్ వద్దు, పోనివ్వండి’ అన్నారంటే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చెప్పండి.